వలకు సీసం ఎప్పుడొచ్చింది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చెరువుల చుట్టూ మన ఇళ్లలో సాగిన ఒక పని చరిత్ర

ఈ సంచికలో మన పాటల గురించి, మన దేవతల గురించి, మన పెద్దల పోరాటాల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. మేము మాత్రం వేలెడంత ఉండే ఒక వస్తువు గురించి రాయాలనుకున్నాం. విసురువల అంచున వరసగా వేలాడే సీసపు గుండు అది. మన ఎరుకల, సుగాలి కుటుంబాల్లో చెరువు మీద ఆధారపడి బతికిన ప్రతి ఇంట్లోనూ అది ఉండేది. చాలా ఇళ్లలో దాన్ని కొనలేదు. పొయ్యి మీద కరిగించి పోతపోసుకున్నారు. ఆ పోత ఎలా మొదలైంది, ఎందుకు మొదలైంది, దానివల్ల మనకు జరిగిందేమిటి అన్నది ఎక్కడా రాసి లేదు. అందుకే మా ముగ్గురికి తెలిసినంత మేరకు రాసి పెడుతున్నాం.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో కూడా చెప్పాలి. మన పిల్లల్లో కొందరు ఇప్పుడు వల వదిలి గాలం పట్టారు. బెంగళూరు నుంచి కార్లలో వచ్చి మన చెరువుల దగ్గర కూర్చునేవాళ్లను చూసి నేర్చుకున్న పద్ధతి అది. కొక్కేనికి సీసపు తల పోసి, దానికి రంగు వేసి, ఈకో రబ్బరు తోకో కట్టి నీళ్లలో వేస్తారు. పైకీ కిందికీ ఆడిస్తే చిన్న చేప గెంతుతున్నట్టు కనిపించి కొరమేను వచ్చి పట్టుకుంటుంది. దాన్ని జిగ్ అంటున్నారు. అంగడిలో ఒక్కో జిగ్ కొనాలంటే ఖర్చని, ఫోనులో వీడియో చూసి ఇంట్లోనే సీసం కరిగిస్తున్నారు. కొత్త విద్య నేర్చుకున్నామని వాళ్ల సంబరం. వాళ్ల తాతలు అదే పెరట్లో, అదే రకం పొయ్యి మీద, అదే సీసం కరిగించారని వాళ్లకు తెలియదు.

ముందు చెరువుల సంగతి చెప్పుకోవాలి. మనది వాన తక్కువ సీమ. పెన్న, జయమంగళి, చిత్రావతి మూడూ పేరుకు నదులే గానీ ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అందువల్ల ఈ నేలను పాలించిన ప్రతివాడూ చెరువు గురించే ఆలోచించాడు. 1388లో పెనుకొండలో ఉన్న విజయనగర రాకుమారుడు ప్రతాప బుక్కరాయలు, పెన్న నీటిని కాలువ ద్వారా పెనుకొండకు తెమ్మని సింగయభట్టు అనే జలసూత్రధారిని ఆదేశించినట్టు గౌరిబిదనూరు తాలూకాలో దొరికిన శాసనం చెబుతుంది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించాడనీ, ఆయన తల్లి ధర్మాంబ పేరు మీదే ఊరికి ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. బుక్కపట్నం చెరువు, పరిగి చెరువు, లేపాక్షి చెరువు ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. కట్టించిన దొర పేరు మిగిలింది, లెక్కగట్టిన సూత్రధారి పేరు మిగిలింది. మట్టి మోసినవాళ్ల పేర్లు, ఆ నీళ్లలో దిగి చేపలు పట్టినవాళ్ల పేర్లు రాయి మీదికి ఎక్కలేదు.

మనవాళ్లు మొదటినుంచీ చెరువు మనుషులు కారు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. సుగాలీలు ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు మోసిన వర్తకులు. 1791లో కారన్‌వాలిసు సైన్యం టిప్పు సుల్తాను మీదికి వెళ్లినప్పుడు దానికి తిండిగింజలు అందించినవి బంజారాల ఎద్దుల మందలే. ఎరుకలవాళ్లు కూడా గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును మెట్టకు చేర్చేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ధాన్యం తీసుకుపోయేవాళ్లు. బుట్టలు, చాపలు అల్లడం దానికి తోడు పని. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి ఇచ్చేశాక ఒక్కొక్కటిగా దారులు మూసుకుపోయాయి. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక వెదురుకు, ఈతాకుకు కొండ ఎక్కాలన్నా అనుమతి కావాల్సి వచ్చింది. 1890ల్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు రైలు నడిచింది. రైలు పెట్టె ఒక్క రోజులో మోసే ఉప్పును మన ఎద్దులు నెల రోజులు మోయాలి. ఎరుకల వర్తకం ఇలా ఎలా కూలిపోయిందో మీనా రాధాకృష్ణ తన పరిశోధన గ్రంథంలో వివరంగా చూపించారు. మన యువత తప్పక చదవాల్సిన పుస్తకం అది.

వర్తకం పోయినవాడిని దేశదిమ్మరి అన్నారు. దిమ్మరిని దొంగ అన్నారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానిలోనూ అమలైంది. చిట్టాలో పేరెక్కిన ఎరుకల మనిషి హాజరు చెప్పుకోవాలి. చెప్పకుండా ఊరు దాటకూడదు. ఆ కట్టడి 1952 ఆగస్టు 31న దేశమంతటా తొలగిపోయేదాకా ఏదో ఒక రూపంలో ఉంది. పొద్దున్నే వెళ్లి రాత్రి హాజరుకు తిరిగి రాగలిగినంత దూరంలో దొరికే తిండి ఏమిటి? ఊరి చెరువు. మన కుటుంబాల్లో కొన్ని వల పట్టడం వెనుక మేము చూసే ప్రధాన కారణం ఇదే. కులవృత్తి అని ఇప్పుడు మనమే అనుకుంటున్నది నిజానికి మూసుకుపోయిన దారుల్లో మిగిలిన ఒక్క సందు.

ఆ మొదటి వలలకు సీసం లేదు. జనుము నారతోనో నూలుతోనో అల్లిన వల అది. అంచుకు కాల్చిన మట్టి గుండ్లు కట్టేవాళ్లు, లేదంటే వంకలో దొరికే నున్నటి గులకరాళ్లకు నారతో ముడి వేసేవాళ్లు. మాలో ఒకరి అవ్వ మట్టి గుండ్లు చేయడం చిన్నప్పుడు చూసిందట. చెరువు ఒండ్రును నానబెట్టి, పిసికి, ఈత పుల్ల చుట్టూ చుట్టి నీడలో ఆరబెట్టేవాళ్లు. తర్వాత పిడకల మంటలో కాల్చితే లోపలి పుల్ల కాలిపోయి తాడు దూరే రంధ్రం మిగిలేది. ఒక వలకు వంద గుండ్లు చేస్తే పాతిక పగిలిపోయేవి. రాతి మీద పడితే మరికొన్ని పోయేవి. అయినా మట్టికి డబ్బు పెట్టక్కరలేదు కదా.

అంటే సీసం మన నేలకు తెలియదని కాదు. శాతవాహనులు సీసంతో నాణేలు పోశారు. మడకశిరకు వాయవ్యంగా, చిత్రదుర్గం పక్కనున్న చంద్రవల్లిలో ఆ కాలపు సీసపు నాణేలు దొరికాయి. 1947లో వీలర్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. కడప జిల్లా జంగంరాజుపల్లె దగ్గర, గుంటూరు వైపు అగ్నిగుండాల దగ్గర సీసపు ఖనిజం ఉంది. గుత్తి, పెనుకొండ కోటల కాలంలో తుపాకీ గుండు అంటే సీసమే. నాటు తుపాకీ ఉన్న ఇళ్లలో చిన్న మూసలో గుండ్లు పోసుకునేవాళ్లు. ఆయుర్వేదంలో సీసానికి నాగం అని పేరు. కుంకుమ పక్కన అమ్మే సింధూరం అసలైనదైతే అది సీసపు భస్మమే. పాత్రలకు కళాయి వేసేవాళ్లు తగరం బదులు చవకైన సీసం కలిపి మోసం చేస్తారన్న అనుమానం మన ఆడవాళ్లకు ఎప్పుడూ ఉండేది. ఇన్ని చోట్ల ఉన్నా పేదవాడి వలకు కట్టేంత సీసం మాత్రం ఊళ్లో లేదు. ఉన్నది ఖరీదు.

దాన్ని చవక చేసినవి రెండు. ఒకటి నైలాను. రెండోది పాత బ్యాటరీ.

నైలాను దారం వచ్చాక నూలు వలను ఎవరూ తాకలేదు. నూలు వల తడిస్తే బరువు, ఆరబెట్టకపోతే కుళ్లు, ఏడాదికోసారి చిల్లాకులా తయారవుతుంది. నైలాను కుళ్లదు. అయితే దానికో గుణం ఉంది. నూలు, జనుము నీటి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నైలాను నీటి కంటే కొంచెమే బరువు. అందుకని నైలాను వల తనంతట తాను తొందరగా మునగదు. మట్టి గుండ్లు కట్టి విసిరితే గొడుగులా విచ్చుకుని నింపాదిగా దిగుతుంది, ఈలోపు కింద ఉన్న చేప జారిపోతుంది. కొత్త వలకు అంచున బరువు పెంచక తప్పలేదు. ఒక్కో విసురువలకు మూడు నాలుగు కిలోల సీసం కట్టడం అలా అలవాటైంది. మంచి దారం ఇంటికి తెచ్చిన మరో అతిథి సీసం అని అప్పుడు ఎవరికి తడుతుంది!

రెండోది మన ఇంటి పనిలోనే ఉంది. హాజరు చిట్టాలు పోయాక మనవాళ్లలో చాలామంది పాత సామాను ఏరే పనిలోకి వెళ్లారు. లారీలు పెరిగాయి, ట్రాక్టర్లు వచ్చాయి, బెంగళూరు రోడ్డు వెంట మెకానిక్కు షెడ్లు వెలిశాయి. చెడిపోయిన బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. టైరు అంగళ్లలో చక్రాల తూకానికి కొట్టి పారేసే చిన్న సీసపు ముక్కలు, అచ్చాఫీసులు మూతపడినప్పుడు తూకానికి అమ్మేసిన అక్షరాలు, పాత టెలిఫోను తీగల మీది సీసపు తొడుగు, ఇవన్నీ గోనెసంచుల్లో మన పెరళ్లకు చేరాయి. మంచి ముక్కలు అంగడికి, మిగిలినవి పొయ్యి మీదికి.

ఆ పోత ఎలా ఉండేదో మాలో ఇద్దరం కళ్లారా చూశాం. చెరువు నిండి మరవ పారుతోందంటే ఇంటింటా వలలు దించేవాళ్లు. సాయంత్రం మూడు రాళ్ల పొయ్యి మీద పాత ఇనుప సట్టి పెట్టి, బ్యాటరీ పలకలు పగలగొట్టి వేసేవాళ్లు. ఘాటైన పొగ లేచేది. కాసేపటికి బూడిద రంగు తెట్టు కింద అద్దంలా మెరిసే ద్రవం కనిపించేది. గంటెతో తెట్టు తీసి పక్కన నేల మీద కొట్టి, ద్రవాన్ని ఒండ్రుతో చేసిన అచ్చులో పోసేవాళ్లు. పిల్లలందరం చుట్టూ మూగేవాళ్లం. నేల మీద చిందిన చుక్కలు చల్లారితే వెండి బిళ్లల్లా ఉండేవి. వాటిని ఏరుకుని గోలీలాడేవాళ్లం, నోట్లో వేసుకునేవాళ్లం. గుండ్లను తాడుకు బిగించేటప్పుడు పెద్దవాళ్లు పటకారు వెతుక్కోకుండా పళ్లతోనే నొక్కేవాళ్లు. ఆ మర్నాడు అదే చోట అవ్వ చీపురుతో తెట్టు పొడి ఊడ్చేది. అదే పెరట్లో వడియాలు ఆరేవి, కోళ్లు తిరిగేవి, పాకే పిల్లలు మట్టి తినేవాళ్లు.

వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగిన లోహం పోయాలని పాత ధర్మశాస్త్రాల్లో రాశారు. ఆ మాట చదివినప్పుడు కోపం వచ్చేది. మా పెరట్లోని ఆ సాయంత్రాలను తలచుకుంటే మాత్రం కోపం ఎవరి మీద పెట్టాలో తెలియదు. మా పెద్దలు తెలిసి చేసిన పని కాదు. తెలిసినవాళ్లెవరూ మా గుడిసెల దాకా వచ్చి చెప్పలేదు.

మాలో ఒకరి తమ్ముడి సంగతి చెప్తాం. ఐదారేళ్ల వయసులో కడుపునొప్పి అని మెలికలు తిరిగేవాడు. మలబద్ధకం, పాలిపోయిన ముఖం. బడిలో చెప్పింది తలకెక్కేది కాదు, ఊరికే చిరచిరలాడేవాడు. పట్టణంలో ఆసుపత్రికి తీసుకెళ్తే పురుగుల మందిచ్చారు, రక్తానికి టానిక్కు రాశారు. మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ అదే. ఇంట్లో ఏం పని చేస్తారు, ఏం కరిగిస్తారు అని అడిగినవాళ్లు లేరు. దిష్టి అన్నారు, తాయెత్తు కట్టించాం. ఏళ్ల తర్వాత వేరే పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు ఒక డాక్టరు ఆ మొదటి ప్రశ్న అడిగారు. రక్తంలో సీసం చూసే పరీక్ష ఒకటుందని అప్పుడే తెలిసింది. పరీక్షలో సీసం ఎక్కువగానే తేలింది. ఇప్పుడు తమ్ముడు పెద్దవాడయ్యాడు, కూలికి వెళ్తాడు. చదువు మాత్రం ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది. అది సీసం వల్లేనా, పేదరికం వల్లనా అని విడదీసి చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి కదా.

సీసం ఒంట్లో చేసే పని గురించి డాక్టర్లు చెప్పేది ఇది. అది పొగగా, దుమ్ముగా ముక్కు ద్వారా, చేతికంటిన పొడిగా నోటి ద్వారా లోపలికి పోతుంది. పెద్దవాళ్ల కంటే చిన్నపిల్లల ఒళ్లు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ. మన పిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో మనకు తెలియనిది కాదు. లోపలికి పోయిన సీసం కాల్షియంలా వేషం వేసుకుని ఎముకల్లో దాక్కుంటుంది, దశాబ్దాల పాటు ఉండిపోతుంది. ఆడవాళ్లు గర్భం దాల్చినప్పుడు ఎముకల నుంచి తిరిగి రక్తంలోకి వచ్చి కడుపులో బిడ్డను చేరుతుంది. ఇంత లోపల ఉంటే ఫరవాలేదు అనదగిన హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటితే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని అదే సంస్థ 2021లో చెప్పింది. మన జిల్లాలో ఫ్లోరైడు నీళ్ల గురించి పసిపిల్లాడికీ తెలుసు, ఎందుకంటే అది పళ్ల మీద కనిపిస్తుంది. సీసం కనిపించదు. దాని గురించి ధర్నా చేసినవాళ్లు అందుకే లేరేమో.

బెంగళూరులో డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ ఈ విషయం మీద జీవితమంతా పనిచేశారు. 1990ల చివర్లో జార్జ్ ఫౌండేషన్ తరఫున హైదరాబాదు, బెంగళూరుతో సహా పెద్ద నగరాల్లో రక్త పరీక్షలు జరిపితే, పన్నెండేళ్ల లోపు పిల్లల్లో సగానికి పైగా 10 మైక్రోగ్రాములు దాటి ఉన్నారని తేలింది. 2000లో పెట్రోలు నుంచి సీసం తీసేయడానికి అలాంటి లెక్కలు బలమిచ్చాయి. ఇంటి రంగుల్లో సీసానికి హద్దు 2017 నవంబరు నుంచి వచ్చింది. అంటే నగరం పీల్చే సీసానికి చట్టం దొరికింది. పెరట్లో కరిగించే సీసానికి ఎవరు చట్టం చేస్తారు, చేసినా ఎవరు చూస్తారు?

మన కథ లాంటిదే సముద్రాల అవతల ఒకటి జరిగింది. అది చదివాకే ఈ వ్యాసం రాయాలని గట్టిగా అనుకున్నాం. ఆఫ్రికాలో సెనెగల్ దేశ రాజధాని డకార్ పక్కన తియారోయ్ సుర్ మేర్ అని ఒక జాలరి పల్లె ఉంది. అక్కడి కమ్మరులు ఏళ్ల తరబడి పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి వలలకు గుండ్లు పోసేవాళ్లు. అచ్చం మనలాగే. ఆ పొడి ఊరి ఇసుకలో కలిసిపోయింది. తర్వాత ప్రపంచ మార్కెట్లో సీసం ధర పెరిగింది. వ్యాపారులు వచ్చి ఆ ఇసుకలోని సీసపు తునకలను కూడా కొంటామన్నారు. ఆడవాళ్లు ఇసుక తవ్వి, ఇళ్ల దగ్గర జల్లెడ పట్టారు. పసిపిల్లలు వీపున కట్టి ఉన్నారు, పక్కన ఆడుకుంటున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపు ఆ ఒక్క పేటలో 18 మంది పిల్లలు చనిపోయారు. మొదట కారణమే ఎవరికీ అర్థం కాలేదు. మన పెరళ్లలో అంత మోతాదు చేరలేదు కాబట్టి మనం బతికిపోయాం. అంతే తేడా.

ఇంగ్లండులో ఇదే గుండు మీద చట్టం వచ్చింది, మనుషుల కోసం కాదు, హంసల కోసం. గాలం వేసేవాళ్లు జారవిడిచిన చిన్న సీసపు గుండ్లను హంసలు అడుగున గులకరాళ్లతో పాటు మింగి చచ్చిపోతున్నాయని 1987లో ఔన్సు దాకా బరువుండే సీసపు గుండ్ల అమ్మకాన్ని అక్కడ నిషేధించారు. మన చెరువుల్లోనూ బాతులు గులక మింగేవే. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను ఊరు ఊరంతా ఆడపడుచుల్లా చూసుకుంటుంది, చెట్టు కొమ్మ కూడా నరకనివ్వదు. ఆ కొంగలు మేతకు వెళ్లే చెరువుల అడుగున మన తెగిన వలల సీసం ఎంత పడి ఉందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇక ఇప్పటి సంగతి. 2016లో గొల్లపల్లి జలాశయానికి హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు వచ్చాయి. ఆ తర్వాత 2021, 2022 వానలకు దశాబ్దాలుగా ఎండిన చెరువులు కూడా మరవ పారాయి. నీళ్లతో పాటు చేపలు, చేపలతో పాటు వలలు, గాలాలు తిరిగి బయటికొచ్చాయి. సీసం సట్టి కూడా అటక మీది నుంచి దిగింది. వద్దని ఒక్క మాట చెబితే మానేస్తారన్న భ్రమ మాకు లేదు. కాబట్టి పోసేవాళ్లకు చెప్పాల్సినది ఉన్నదున్నట్టు చెబుతాం.

బ్యాటరీ మాత్రం ముట్టుకోవద్దు. ఆమ్లం, దుమ్ము, పలకల మీది పొడి, ఇంట్లో చేసే పనుల్లో ఇంతకు మించిన విషం లేదు. దాన్ని అంగట్లో మార్చుకుంటే ధర వస్తుంది. పాత బ్యాటరీ వెనక్కి తీసుకోవాలని 2001 నుంచే నిబంధన ఉంది. శుభ్రమైన సీసపు ముక్కలే అయినా ఇంటి లోపల, వసారాలో, వంట పొయ్యి మీద కరిగించకూడదు. ఇంటికి దూరంగా, గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి చేయాలి. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగితే చాలు, ఇంకా మంట ఎగదోయకూడదు. వేడి 500 డిగ్రీల వైపు పోయేకొద్దీ కంటికి కనబడని ఆవిరి పెరుగుతుంది. తువాలు, మామూలు గుడ్డ మాస్కు ఆ ఆవిరిని ఆపవు. వెల్డింగు పనివాళ్లకు అమ్మే ఫిల్టరున్న గట్టి మాస్కు వేరే ఉంటుంది, అది కావాలి.

నీళ్ల గురించి రెండుసార్లు చెప్పినా తప్పులేదు. కరిగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడినా అది ఆ క్షణంలో పదిహేను వందల రెట్లకు పైగా ఉబ్బి ఆవిరై, సీసాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. తడి అచ్చు, తడి గంటె, చెమట కారే నుదురు, వాన మబ్బు అన్నీ ప్రమాదమే. మన పాత ఒండ్రు అచ్చులు పచ్చిగా ఉన్నప్పుడు పేలి కళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథలు ప్రతి పేటలోనూ ఒకటుంది. అచ్చును ముందే వేడి చేయాలి, దాని లోపలికి దీపం మసి పట్టిస్తే సీసం సాఫీగా పారుతుంది. గంటెను కూడా వేడి చేశాకే ముంచాలి. కొత్త ముక్కలను కరిగిన సీసంలో పడేయకుండా, సట్టి చల్లగా ఉన్నప్పుడే వేసుకోవాలి. సట్టి ఇనుముది కావాలి, పల్చటి అల్యూమినియం గిన్నె వేడికి మెత్తబడి అడుగు ఊడుతుంది. ఆ సట్టి, ఆ గంటె మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. కళ్లకు అద్దాలు, చేతికి తోలు తొడుగు, కాలికి బూట్లు, ఒంటికి నిండు చేతుల నూలు బట్ట ఉండాలి. నైలాను చొక్కా మీద చుక్క పడితే బట్ట కూడా కరిగి చర్మానికి అంటుకుంటుంది.

మనం ఎప్పుడూ పట్టించుకోనిది తెట్టు. మెరిసే సీసం కంటే ఆ బూడిద పొడే ఎక్కువ హాని. దాన్ని నేల మీద కొట్టకుండా మూతున్న ఇనుప డబ్బాలో వేయాలి. చీపురుతో ఊడవకూడదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా డబ్బాలోనే వేయాలి. నిండాక పాత సీసం కొనేవాళ్లకు ఇచ్చేయాలి. పని జరుగుతున్నంతసేపూ బీడీ, టీ, వక్కాకు ఏదీ నోట్లోకి పోకూడదు. అయ్యాక సబ్బుతో చేతులు, ముఖం కడిగి, స్నానం చేసి, ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా ఉతకాలి. జిగ్‌కు రంగు గట్టిగా వేస్తే చేతికి సీసం అంటదు. ఇక పళ్లతో గుండు నొక్కే అలవాటు, నోట్లో గుండ్లు పెట్టుకుని వల కట్టే అలవాటు ఈ తరంతో ఆగిపోవాలి. పటకారు ధర ఎంతని!

ఇన్ని జాగ్రత్తలు చదివాక సీసమే అవసరమా అని మీకు అనిపిస్తే, మాకూ అదే అనిపించింది. లెక్క వేసి చూశాం. వంద గ్రాముల సీసం నీళ్లలో 91 గ్రాముల బరువు తూగుతుంది. వంద గ్రాముల ఇనుము 87 తూగుతుంది. రాయి 63, కాల్చిన మట్టి సుమారు 50. నైలాను వలకు మట్టి ఎందుకు చాలలేదో ఈ లెక్కలో కనిపిస్తుంది. ఇనుముకూ సీసానికీ తేడా ఎంత తక్కువో కూడా కనిపిస్తుంది. ఇనుము కొంచెం లావుగా ఉంటుంది, మెత్తగా వంగదు, తుప్పు పడుతుంది. దానికున్న లోపాలు అవే. జిగ్ పోయాలన్న సరదా ఉన్నవాళ్లకు తగరం ఉంది. 232 డిగ్రీలకే కరుగుతుంది, సీసం కంటే తేలిక, ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. కాకపోతే ఒక జిగ్‌కు కావాల్సింది పది పదిహేను గ్రాములే.

మొన్న వానాకాలంలో మాలో ఒకరి పాత విసురువలకు సీసం మొత్తం విప్పేసి, మెకానిక్కు షెడ్డులో తూకానికి తెచ్చిన ఇనుప నట్లు కట్టాం. విప్పిన సీసం మూడున్నర కిలోలు. నట్లు నాలుగు కిలోలు కట్టాల్సి వచ్చింది. వల కట్టుకోవడానికి ఇద్దరికి ఒకటిన్నర రోజు పట్టింది. పరిగి చెరువులో మొదటి విసురు సరిగా విచ్చుకోలేదు. నట్లు ఒకదానికొకటి తగులుకుని అంచు ముడిపడింది. నట్టుకు నట్టుకు మధ్య జానెడు ఎడం ఇచ్చి మళ్లీ కట్టాక బాగానే పడింది. జిలేబి చేపలు, రెండు జెల్లలు వచ్చాయి. వారం తిరిగేసరికి అంచు అంతా తుప్పు పట్టి ఎర్రబడింది. వల ఆరేసిన చోట బండ మీద కూడా ఎర్ర మరకలు. అవ్వ చూసి ఇదేం రక్తంరా అంది. తుప్పు అని చెప్పాం. ఆముదం రాయండి, బండి ఇరుసుకు మేం రాసేవాళ్లం కదా అంది. రాసి చూస్తున్నాం.